మందకు పెట్టిన గుర్తు

నాకు దారులు గుర్తుండవు. ఈ మాట ఎవరితో అన్నా ముందు నవ్వుతారు, తర్వాత "అందరికీ అంతేలే" అంటారు. అందరికీ అంతే కాదు. కోదాడలో మా ఇంటి నుంచి బస్టాండుకు పోయే దారి నాకు వచ్చు. బస్టాండు నుంచి ఇంటికి వచ్చే దారి మాత్రం మళ్లీ వేరుగా నేర్చుకోవలసి వచ్చింది. పోయేటప్పుడు ఎడమవైపు కనబడిన మందుల షాపు వచ్చేటప్పుడు కుడివైపు కనబడితే, అది అదే షాపని నా బుర్రకు తట్టదు. చదువులో ఎన్నడూ వెనకబడలేదు. లెక్కలు నోటితో కడతాను. చెవికి పెట్టిన కోత చూసి ఆ గొర్రె ఎవరి మందదో చెప్పగలను. దారి దగ్గరికి వచ్చేసరికి మాత్రం బుర్ర మొండికేస్తుంది.

ఇంకా విడ్డూరం ఏమిటంటే, నేను పుట్టిందే గొర్రెల కాపర్ల ఇంట్లో. సూర్యాపేట పక్క ఊరు మాది. మా నాయనా, మా అన్నా ఎంత చీకట్లోనైనా మందను తోలుకుని ఇంటికి రాగలిగిన మనుషులు. చిన్నప్పుడు ఒకసారి మా అమ్మ సద్ది కట్టి నన్ను మంద దగ్గరికి పంపింది. నేను చక్కగా నడిచిపోయి, ఒక మంద కనబడగానే అక్కడున్న ఇద్దరి ముందు సద్ది దించాను. మా నాయన ఏడని అడిగితే "వస్తడు, కూసో" అన్నారు. వాళ్లు తినేదాకా కూర్చుని, ఖాళీ గిన్నె పట్టుకుని ఇంటికి బయలుదేరి, ఇంకో ఊరు చేరాను. అది మా మంద కాదు, వాళ్లు మా వాళ్లూ కారు. అడగకుండా తిన్న ఆ ఇద్దరి మీద నాకు ఇప్పటికీ కోపమే. మా అన్న మాత్రం ఏ పెళ్లిలోనైనా నలుగురు కూడితే చాలు, ఈ కథ ఎత్తుకుంటాడు.

అలాంటి నేను పశువుల దవాఖానలో సహాయకురాలిగా చేరాను. మందల వెంట తిరిగి గొర్రెలకు టీకాలు వేయడం నా పనిలో పెద్ద భాగం. ఈ పనికి ఒక పద్ధతి ఉంది. రాత్రి మందను వల కట్టి లోపల పడుకోబెడతారు. తెల్లవారాక, మేతకు వదిలేలోపు మేం అక్కడ ఉండాలి. వల తీశారంటే గొర్రెలు పొలాల మీద పడతాయి, ఇక సాయంత్రందాకా ఒక్కటీ చేతికి దొరకదు. అప్పటికి టీకాల పెట్టెలో ఐసు కరిగిపోతుంది, టీకామందు పనికిరాకుండా పోతుంది. అంటే నా ఉద్యోగం సగం సూదితో, సగం దారితో. సూది విషయంలో నన్ను పట్టగలిగినవాళ్లు లేరని గొప్పగానే చెప్పుకుంటాను.

దారి విషయం మా ఆయన చూసుకునేవాడు. ఆయన మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీకి లారీ తోలుతాడు. సెలవు రోజున నా బండి మీద వెనక కూర్చుని, టీకాల పెట్టె ఒళ్లో పెట్టుకునేవాడు. తోలేది నేనే. మోటారుసైకిలు నా పేరు మీదిది, దాన్ని ఇంకొకరి చేతికి ఇవ్వను. గాలిలో, హెల్మెట్ లోపల మాట వినబడదు కాబట్టి ఆయన చేతితో చెప్పేవాడు. ఎడమ భుజం మీద తడితే ఎడమకు, కుడి భుజం మీద తడితే కుడికి. రెండు భుజాలూ పట్టుకుంటే ఆపమని. తొలిరోజుల్లో ఆయన లారీ మీద క్లీనరుగా చేశాడు. అప్పట్లో లారీ పక్క రేకు మీద చేత్తో కొట్టి డ్రైవరుకు సంగతి చెప్పేవాడు. ఆ అలవాటే నా భుజాల మీదికి వచ్చింది. మొదట్లో లారీని కొట్టినట్టే కొట్టేవాడు, తిట్టీ తిట్టీ దారికి తెచ్చాను.

సూర్యాపేట చుట్టుపక్కల పని చేసినన్నాళ్లు ఇబ్బంది తెలియలేదు. నాకు తెలిసిన ఊళ్లు, నన్ను తెలిసిన మనుషులు. తర్వాత నన్ను మునగాల, హుజూర్‌నగర్ వైపు మార్చారు. అదంతా కాలువల కింది పొలం. వరి కోతలు అయ్యాక, ఎరువు కోసం రైతులు తమ పొలాల్లో మందలు పెట్టించుకుంటారు. గొర్రెలు రాత్రి పడుకున్న పొలానికి వేరే ఎరువు అక్కర్లేదు. అందుకని వేసవి వచ్చిందంటే సూర్యాపేట వైపు మందలన్నీ అటు దిగుతాయి. ఆ పొలాల మధ్య దారులంటే కాలువ కట్టలే. ఒక కట్ట చూస్తే ఇంకో కట్ట చూడక్కర్లేదు, అన్నీ ఒకేలా ఉంటాయి. కొయ్యకాళ్లు కాల్చిన నల్లటి మడులు రెండు వైపులా, మధ్యలో నేను. వారంలో ఒక్కరోజు మా ఆయన ఉంటాడు, మిగతా రోజుల్లో నేను, నా బుర్ర. రెండుసార్లు వల తీశాక చేరాను.

డాక్టరు సారు నన్ను గదిలోకి పిలిచి, మెల్లగా చెప్పారు. "నీ పనికి వంక పెడ్తలేనమ్మా. వానలు పడేలోపు చిటుక రోగం టీకాలు అయిపోవాలె. ఇట్లనే ఆలస్యమైతే నువ్వు ఇక్కడ ఆఫీసుల కూసో, తిరిగే పని వేరేవాళ్లకు ఇస్త."

చిటుక రోగం సంగతి ఈ వైపు అందరికీ తెలుసు. తొలకరికి కొత్త గడ్డి లేస్తుంది, గొర్రెలు ఆబగా మేస్తాయి, నిన్నటిదాకా గంతులేసిన గొర్రె పొద్దున్నకు పడిపోతుంది. కాబట్టి సారు చెప్పిందాంట్లో తప్పేమీ లేదు. తప్పు లేకపోవడమే నా మంట. నేను ఎండలో పుట్టి ఎండలో పెరిగినదాన్ని. ఫ్యాను కింద కూర్చుని, ఎవరో వేసివచ్చిన టీకాలకు లెక్కలు రాయమంటే ఊపిరాడదు. గది మూలనున్న ఆ ఖాళీ కుర్చీ వైపు చూశాను. అది నా కోసమే కాచుకుని ఉన్నట్టు అనిపించి, దాని మీద కూడా కోపం వచ్చింది.

ఫోను లేదా అని మీరు అడుగుతారు. ఉంది. హ్యాండిలుకు తగిలించుకుని మ్యాపు పెట్టుకునేదాన్ని కూడా. వేసవిలో కాసేపు ఎండ తగలగానే వేడెక్కి తెర నల్లబడుతుంది. చినుకు పడితే తనంతట తానే ఏవేవో నొక్కుకుంటుంది. దానికితోడు నా ఫోనుకు రోజంతా ఫోన్లే. "మేడం, మా బర్రె మేత ముడ్తలేదు" అని ఒకరు మొదలుపెట్టగానే మ్యాపు మాయమై ఆయన పేరు తెర నిండా పరుచుకుంటుంది. సరిగ్గా అప్పుడే మలుపు దాటిపోతుంది. బండి అదురుకు ఫోను కెమెరా కూడా చెడిపోయింది. ఇప్పుడు నా ఫొటోల్లో గొర్రెలన్నీ కవలలే.

అందుకని బండికే దారి చూపే జీపీఎస్ పెట్టె ఒకటి కొంటానని ఇంట్లో చెప్పాను. మా ఆయన అన్నం కలుపుతున్నవాడు ఆగి, "దండగ. నేనున్న గద" అన్నాడు. నువ్వు వారానికి ఒక్కరోజుంటావు, రోగాలు వారమంతా ఉంటాయి అన్నాను. ఆయన మళ్లీ అన్నం కలపసాగాడు. నా చేతకానితనాన్ని ఎత్తిచూపుతున్నాడని నాకు తోచింది, మజ్జిగ గ్లాసు కొంచెం గట్టిగానే పెట్టాను.

మొదట సూర్యాపేట పోయాను. బండ్ల సామాను అమ్మే దుకాణంలో అద్దాల బీరువాలో ఒక పెట్టె ధగధగలాడుతోంది. అరచేయి కంటే పెద్ద తెర, రంగురంగుల బొమ్మలు. దుకాణదారు దాన్ని బయటికి తీసి, "దీంట్ల పాటలొస్తయి అక్కా, సినిమాలు గూడ సూడొచ్చు" అన్నాడు. బండి తోలుతూ సినిమా ఎవరు చూస్తారని అడిగాను. ఆగినప్పుడు చూడొచ్చన్నాడు. నేను దాన్ని పట్టుకుని దుకాణం ముందు ఎండలోకి వచ్చాను. తెరలో నా ముఖం తప్ప ఏమీ కనబడలేదు. పైగా దానికి సొంతంగా మ్యాపు లేదట, ఫోనులోంచి తీసుకుంటుందట. అంటే నా ఫోనే సోకు చేసుకుని వచ్చిందన్నమాట. ఎండలో పెట్టి చూసే గిరాకీని ఇప్పుడే చూస్తున్నానని దుకాణదారు గొణిగాడు. మరి మేం ఇళ్లల్లో తోలుతామా బండ్లు.

తర్వాత కోదాడలో అడిగాను. ఇక్కడి దుకాణదారు ఆంధ్ర మాట తీరు మనిషి, అండీ లేకుండా మాట పూర్తిచేయడు. చిన్న గుండ్రటి బిళ్ల ఒకటి చూపించాడు. మ్యాపు ఉండదు, ఎటు తిరగాలో ఒక బాణం గుర్తు మాత్రం చూపిస్తుంది. ముద్దుగా ఉంది, నాకు నచ్చింది కూడా. ఎండలోనూ బాగానే కనబడింది. తీసుకుందామనే అనుకుని, చివరికి ఒక ప్రశ్న అడిగాను. కాలువ కట్ట మీద బాణం ఎటు చూపిస్తుంది? ఆయన నిజాయితీపరుడు. "కట్టలంటే కొంచెం కష్టమేనండీ, మ్యాపులో రోడ్డు లేకపోతే బాణం తిరుగుతూ ఉంటదండీ" అన్నాడు. తిరగడం నాకే వచ్చు, దానికోసం బాణం కొనక్కర్లేదు అని చెప్పి బయటపడ్డాను.

ఆ దుకాణదారే మిర్యాలగూడలో ఒక మనిషి సంగతి చెప్పాడు. రైస్‌మిల్లులో లెక్కలు రాసే ఉద్యోగి, సెలవు దొరికితే మోటారుసైకిలు మీద హిమాలయాలకు పోయి వస్తాడట. ఇలాంటి పెట్టెలు ఆయనకు తెలిసినంత ఈ చుట్టుపక్కల ఎవరికీ తెలియదట. ఫోను చేసి పోయాను. మిల్లు గేటు దగ్గర ఊక ఎగురుతుంటే నిలబడి మాట్లాడుకున్నాం. ఆయన మంచు దారుల గురించీ, కొండ కనుమల గురించీ చాలాసేపు చెప్పాడు. నేను నా పొలాల గురించి చెప్పాను. ఆయనకు నా కష్టం మంచు కంటే కష్టంగా తోచినట్టుంది. నాకు ఏం కావాలో నాకే తెలియదని అర్థం చేసుకుని, తను మునుపు వాడిన పాత పెట్టెను ఇంటి నుంచి తెప్పించి చేతిలో పెట్టాడు. "కొనకుండ్రి మేడం. ముందు తీస్కపోయి తిప్పుండ్రి. పడకపోతే వాపస్ ఇయ్యిండ్రి" అన్నాడు.

అది చూడ్డానికి ఏమీ బాగోదు. మందంగా, నల్లగా, సబ్బుపెట్టెలా ఉంది. తెర వెలిసిపోయినట్టుంటుంది, కానీ ఎండ ఎంత ఎక్కువైతే అంత బాగా కనబడుతుంది. గ్లవ్సుతో నొక్కినా నొక్కుకునే పెద్ద బటన్లు. సొంత మ్యాపు ఉంది, ఫోనుతో పని లేదు. తెలుగు రాదు దానికి, గొంతు ఆపేసి బొమ్మ చూసుకోవడమే. మెకానిక్కు బండి బ్యాటరీ నుంచి తీగ లాగి బిగించాడు. కావలసిన చోట నిలబడి ఒక బటను నొక్కితే ఆ చోటు గుర్తుపెట్టుకుంటుంది. తర్వాత ఎప్పుడైనా అక్కడికి దారి చూపిస్తుంది.

ఇంకేం. నాకు రెక్కలొచ్చినట్టయింది. ఆ సెలవు రోజున మా ఆయన్ను వెనక కూర్చోబెట్టుకుని, మునగాల నుంచి హుజూర్‌నగర్ వైపు ఎక్కడెక్కడ మందలున్నాయో అన్నిటికీ పోయి గుర్తులు పెట్టాను. ఒక్కో మందకు ఒక్కో పేరు రాసుకున్నాను. మా అన్న మంద కూడా అప్పుడు ఆ వైపే ఉంది, దానికి ఇంగ్లీషు అక్షరాల్లో "అన్న" అని పెట్టాను. అన్న ఏం రాస్తున్నావని అడిగితే, ఇక నీ చిరునామా నా చేతిలో ఉందన్నాను. మా అన్న గొంగడి సర్దుకుని ఏదో అనబోయాడు. అప్పుడే గొర్రెలు బెదరడంతో అటు పరుగెత్తాడు. పోయేటప్పుడు దారి చెప్పిన మా ఆయన, తిరిగి వచ్చేటప్పుడు నా భుజం మీద చెయ్యి వేయలేదు. వేయవలసిన పని పడలేదు.

వారం తిరిగేసరికి అన్న మందకు టీకాల వంతు వచ్చింది. మామూలుగా అయితే ముందురోజు ఒకసారి, బయలుదేరేటప్పుడు ఒకసారి, దారిలో ఆగినచోటల్లా ఒకసారి ఫోను చేసేదాన్ని. ఈసారి ఒక్క ఫోనూ చేయలేదు. చెప్పకుండా పోయి వల ముందు బండి ఆపి, హెల్మెట్ తీసి, "ఏం అన్నా, సద్ది తెచ్చిన" అనాలని నా ఆశ. తెల్లవారుజామున ఐసు నింపిన టీకాల పెట్టె కట్టుకుని బయలుదేరాను. జీపీఎస్ చూపించిన దారి చూపించినట్టు పోయాను. ఎక్కడా ఆగలేదు, ఎవర్నీ అడగలేదు. నా బతుకులో అంత హాయిగా ఎన్నడూ బండి తోలలేదు. తూరుపు తెలుపెక్కుతుండగా చేరుకున్నావని గంట కొట్టింది.

అక్కడ మంద లేదు. ఉత్త పొలం. నేలంతా పెంటికలు పరుచుకుని ఉన్నాయి, వల గుంజలు పాతిన గుంతలున్నాయి, మూడు రాళ్ల పొయ్యిలో చల్లారిన బూడిద ఉంది. తెర మీద మాత్రం "అన్న" అన్న మాట చక్కగా మెరుస్తోంది.

కాసేపు అలా నిలబడ్డాక గాని నా బుర్ర వెలగలేదు. మంద ఎక్కడైనా ఒకచోట ఉంటుందా? ఒక పొలంలో ఎరువు చాలినంత పడగానే ఇంకో రైతు పిలుస్తాడు, అటు తోలుతారు. నాకు మాటలు రాకముందే తెలిసిన సంగతి అది. నా చిన్నతనం అంతా అలాగే కదా గడిచింది. గొర్రెల్లో పుట్టి పెరిగినదాన్ని, మందకు గుర్తు పెట్టుకున్నాను. ఒక్కదానికి కాదు, పెట్టెలో ఉన్నవన్నీ అలాంటి గుర్తులే. మిర్యాలగూడ మనిషి కొండలకు గుర్తులు పెట్టుకున్నాడు కాబట్టి ఆయనకు సరిపోయింది.

సిగ్గు చంపుకుని ఫోను చేశాను. మా అన్న ముందు నవ్వాడు, చాలాసేపు నవ్వాడు. తర్వాత చెప్పాడు. "ఆడ మూడు రాత్రులే ఒప్పుకున్నం చెల్లె. నువ్వు మిషిన్ల రాసుకున్నవని మేం ఆడ్నే పడి ఉంటమా? గా విరిగిన తూము కాడ వంతెన దాటి, ఇవతలి కట్ట పట్టుకోని రా. జల్ది రా, గొర్లు ఆగుతలెవ్వు."

పోయాను. తూము కోసం చూస్తూ కట్ట మీద పోతూనే ఉన్నాను. తూము రాలేదు, మంద కనబడింది. కాలువ అవతల ఉంది. వల లోపల గొర్రెలు తోసుకుంటున్నాయి, అరుపులు వినబడుతున్నాయి. మా అన్న ఎర్ర తలగుడ్డ కూడా కనబడుతోంది. నాకూ ఆయనకూ మధ్య కాలువ నిండా నీళ్లు. ముందుకు పోతే వంతెన వస్తుందేమోనని పోయాను. కట్టకు అడ్డంగా ముళ్ల కంచె వచ్చింది. అక్కడితో దారి ఖతం.

నేను ఎప్పుడూ భయపడేది ఇలాంటి చోటే. దారి తప్పడం అంత పెద్ద కష్టం కాదు, అందరూ తప్పుతారు. వాళ్లు వెనక్కి తిరిగి, తప్పిన చోటికి వచ్చి, మళ్లీ మొదలుపెడతారు. నాకు వెనక్కి తిరిగితే లోకమే మారిపోతుంది. వచ్చేటప్పుడు చూసిన మోటారు గది తిరిగి పోయేటప్పుడు ఇంకెవరిదో అయిపోతుంది. అందుకని ఒక తప్పు మీద ఇంకో తప్పు, దాని మీద ఇంకోటి. ఆ పొద్దు కూడా బండి తిప్పగానే కట్ట మీద రెండు చీలికలు కనబడ్డాయి. నేను ఏ చీలిక నుంచి వచ్చానో తెలియలేదు. టీకాల పెట్టె మీద చెయ్యి వేసి చూశాను, ఇంకా చల్లగానే ఉంది. ఆఫీసులో కుర్చీ కళ్ల ముందుకు వచ్చింది. నిజం చెప్పాలంటే ఏడుపు వచ్చింది.

కళ్లు తుడుచుకుని తెర వైపు చూస్తే, అప్పటిదాకా నేను పట్టించుకోనిది ఒకటి కనబడింది. నేను వచ్చిన దారి పొడుగునా సన్నటి గీత పడి ఉంది. పొలం నుంచి కట్టకు, కట్ట మీదుగా కంచెదాకా, నా తప్పుతో సహా గీసి పెట్టుకుంది. ఏ చీలికలోంచి వచ్చానో అందులో ఉంది. ఆ గీత మీద బండి పెట్టి మెల్లగా వెనక్కి పోయాను. ఒకచోట గీత కొంచెం పక్కకు వంగి ఉంది. అక్కడికి పోయి చూస్తే గడ్డివాము. వచ్చేటప్పుడు దాన్ని చుట్టుకుని పోయాను. ఇప్పుడు ఈ వైపు నుంచి చూస్తే దాని వెనకనే విరిగిన తూము, దాని పక్కనే వంతెన. రానుపోను రెండు వైపుల నుంచి చూస్తే రెండు లోకాలని నేను ఎప్పుడూ చెప్పేది ఇదే. కాకపోతే ఈసారి అది నాకు పనికొచ్చింది.

నేను చేరేసరికి మా అన్న ఒక చేత్తో వల గుంజ పట్టుకుని, ఇంకో చేత్తో పొట్టేళ్లను వెనక్కి నెడుతున్నాడు. పక్క మందవాళ్లు అప్పటికే వదిలేశారట, వాళ్ల గొర్రెలను చూసి ఇవి ఆగడం లేదు. నన్ను చూసి, సూది తియ్యమన్నట్టు తల ఊపాడు. పట్టేవాళ్లు గొర్రెలను పట్టి ఇస్తుంటే సూది వేస్తూ పోయాను. ఆఖరి గొర్రెకు వేసేసరికి ఎండ చుర్రుమంటోంది. పెట్టెలో ఐసు ముక్కలు అడుగున ఇంకా ఉన్నాయి. వల తీశాక గొర్రెలన్నీ ఒక్కసారి పొలం మీద పడ్డాయి. గట్టు మీద కూలబడితే అప్పుడు తెలిసింది, ఎంత భయపడ్డానో.

మా అన్న చాయ్ కాచి తెచ్చి, బండి దగ్గర నిలబడి తెర మీద గీతను వేలితో తడిమాడు. కంచెదాకా పోయి వెనక్కి వచ్చిన చోట వేలు ఆగింది. ఇదేమిటని అడిగితే, నేను తప్పిపోయిన దారని చెప్పాను. సద్ది కథ ఎత్తుకుంటాడని కాచుకుని కూర్చున్నాను. ఆయన మాత్రం గ్లాసు నా చేతికిచ్చి, "మేం గూడ తప్పిపోతం చెల్లె. ఎన్నిసార్లని. ఎనక్కొస్తం గనుక ఎవ్వలకు ఎరుకుండది" అన్నాడు. ఆ ఒక్క మాట నాకు ఎవరైనా చిన్నప్పుడే చెప్పి ఉంటే బాగుండేది. ఇన్నేళ్లూ మా ఇంట్లో నేనొక్కదాన్నే తప్పిపోతాననుకున్నాను.

పెట్టె వాపసు ఇవ్వడానికి మిర్యాలగూడ పోయినప్పుడు ఆ మిల్లు మనిషి అడిగాడు, తెర నచ్చిందా, మ్యాపు నచ్చిందా అని. రెండూ కాదు, వచ్చిన దారి గీత నచ్చిందన్నాను. అది అన్నిట్లో ఉండేదే, అదేం పెద్ద విశేషం కాదన్నాడు. సూర్యాపేటలో సినిమాలు చూపించినాయనా, కోదాడలో బాణం చూపించినాయనా దాని ఊసే ఎత్తలేదని చెప్పాను. మంచులో తనకూ ఒకసారి ఆ గీతే దిక్కయిందని అప్పుడు గుర్తొచ్చింది ఆయనకు. కోదాడ దుకాణదారు చేత అదే రకం కొత్తది తెప్పించుకున్నాను. ఇంతకంటే అందమైనవి ఉన్నాయండీ అని ఆయన చివరిదాకా బాధపడ్డాడు.

ఇప్పుడు మందలకు గుర్తులు పెట్టను. కదలనివాటికే పెడతాను. తూములు, వంతెనలు, మిల్లు గొట్టాలు, ఒక ఊరి చర్చి, ఇంకో ఊరి నీళ్ల ట్యాంకు. మందవాళ్లకు ముందురోజు ఫోను చేసి, ఏ తూముకు దగ్గర పడుకున్నారని అడుగుతాను. అక్కడిదాకా పెట్టె తీసుకుపోతుంది, అక్కడి నుంచి దారి అడుగుతూ పోతాను. తప్పిపోతాను కూడా. తప్పితే గీత పట్టుకుని వస్తాను. వానలు మొదలయ్యేలోపు నా వాటా చిటుక రోగం టీకాలన్నీ అయిపోయాయి. సారు గది మూలనున్న ఆ కుర్చీ మీద ఇప్పుడు టీకాల ఖాళీ డబ్బాలు పెడుతున్నారు.

ఇంట్లో మాత్రం ఒక సంగతి ఆలస్యంగా గమనించాను. పెట్టె వచ్చినప్పటి నుంచి మా ఆయన సెలవు రోజున ఇంట్లోనే ఉంటున్నాడు. లారీ తోలి ఒళ్లు నొప్పులంటాడు, పడుకుంటాడు, టీవీ పెడతాడు, ఆపుతాడు. ఒకనాడు బండి బయటికి తీస్తుంటే గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. దండగ, నేనున్న గద అని ఆయన అన్న మాట అప్పుడు నాకు వేరేగా వినబడింది. వారంలో మేమిద్దరం కలిసి ఉండేది ఆ ఒక్క పూటే. అదీ ఒకరి ముఖం ఒకరం చూసుకోకుండా, ఆయన చేతులు నా భుజాల మీద. ఆ పూట పోతుందని ఆయనకు ముందే తెలిసింది. నాకేమో నా చేతకానితనం మీద తప్ప ధ్యాసే లేదు.

వస్తావా అని అడిగాను. "నేనెందుకు, మిషిన్ ఉన్నది గద" అన్నాడు.

"మిషిన్ టీకాల పెట్టె పట్టుకుంటదా?" అన్నాను.

చొక్కా వేసుకుని వచ్చాడు. ఆ రోజు పని తొందరగానే అయిపోయింది. తిరిగి వచ్చేటప్పుడు టీకాల పెట్టె ఖాళీ, ఎండ తగ్గింది, తొలి వాన పడిన కట్టల మీద అప్పుడప్పుడే పచ్చ లేస్తోంది. ఒక చీలిక దగ్గరికి వచ్చాం. తెర మీద ఇంటి దారి ఎడమకు చూపించింది. అదే సమయానికి నా కుడి భుజం మీద తట్టాడు, లారీని కొట్టినట్టు కాదు, మెత్తగా. నేను కుడికి తిప్పాను. ఆ కట్ట ఎంతకీ రోడ్డెక్కలేదు. పొలాలు దాటాం, ఎవరిదో తోట దాటాం. బండి నెమ్మది చేసి, ఇది ఎటు పోతుందని అడిగాను.

"నాకేం ఎరుక. ఎన్నడు పోలె గిటు" అన్నాడు.

తెర మీద మా వెనక గీత పడుతూనే ఉంది. ఎప్పుడు కావాలంటే అప్పుడు వెనక్కి తిరగొచ్చు. ఆయన రెండు చేతులూ నా భుజాల మీద ఉన్నాయి. ఆపమనేమో అనుకున్నాను. ఆపమని కాదు, ఊరికే పెట్టుకున్నాడు. నేను బండి ఆపలేదు.